ముఖానికి వెల కట్టిన చోట: గేలిక్ దేశాల 'ఒలవ్'

(మా ఊరి గ్రంథాలయం హాల్లో నెలనెలా జరిగే సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యి ఎత్తండి, మైకు దగ్గరికి జరుగుతాను.

పోయిన సంక్రాంతి వెళ్ళాక, నా దగ్గర చదువుకున్న అమ్మాయి డబ్లిన్ నుంచి వాట్సాప్‌లో ఫొటో పంపింది. అక్కడ ఎమ్మెస్ చేస్తోంది. ఫొటోలో ఏముంది? తలుపు. తలుపు మీద బోర్డు. బోర్డు మీద వాళ్ళ ప్రొఫెసర్ గారి పేరు ఇంగ్లీషులో ఒకసారి, ఐరిష్‌లో ఒకసారి. ఐరిష్ వరసలో పేరుకి ముందు ఏదో మాట ఉంది. 'మాస్టారూ, ఇది ఎలా పలకాలో కూడా తెలియట్లేదు, ఏమిటిది?' అని అడిగింది.

ఆ మాట 'ఒలవ్'. అక్షరాలు చూసి చదివితే 'ఒల్లామ్' అంటాం. చివరి మకారానికి హకారం తోడైతే వాళ్ళ నోట్లో అది 'వ' అవుతుంది. ఈ రోజు ఐర్లండ్‌లో ఒలవ్ అంటే ప్రొఫెసర్. యూనివర్సిటీని 'ఒల్‌స్కొల్' అంటారు, పెద్ద బడి అని. ఒల్ అంటే గొప్ప. ఒలవ్ అంటే అందరికన్నా గొప్ప. ఇంతవరకు చెప్పి ఊరుకుంటే ఆ అమ్మాయికి జవాబు అయిపోయేది. కానీ ఆ మాట వెనక వెయ్యేళ్ళు ఉన్నాయి. వెయ్యేళ్ళ పాటు ఆ మాట తగిలించుకున్న మనిషి రాజు పక్కన, రాజుకి సమానంగా కూర్చున్నాడు. ఎందుకు కూర్చోనిచ్చారు? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది అదొక్కటే.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. గేలిక్ భాషలు మాట్లాడే ఐర్లండ్, స్కాట్లండ్ దేశాల కవి అనగానే మనకి 'బార్డ్' అనే మాట గుర్తొస్తుంది. ఇంగ్లీషు పుస్తకాలు అలా అలవాటు చేశాయి. పాత ఐర్లండ్‌లో మాత్రం బార్డ్ కింది మెట్టు. పద్యం కట్టగలడు, పాడగలడు, శాస్త్రం చదువుకోలేదు. శాస్త్రం చదువుకున్నవాణ్ణి 'ఫిలి' అంటారు. ఫిలి అనే మాటకి మూలార్థం చూసేవాడు, ద్రష్ట. మన పెద్దలు ఋషి కానివాడు కవి కాడన్నారు కదా, అదే ఊహ. ఆ ఫిలీలలో అందరికన్నా పై మెట్టు ఒలవ్.

మెట్టు అని ఊరికే అనడం లేదండీ, నిజంగానే మెట్లు ఉన్నాయి. ఏడు. ఎనిమిదో శతాబ్దంలో రాసిన ధర్మశాస్త్ర గ్రంథం ఉంది, 'ఉరకెఖ్త్ న రియర్' అని. కవులకి ఎవరికి ఎంత అర్హత, ఎవరికి ఎంత మర్యాద అని లెక్క రాసిపెట్టిన పుస్తకం. అన్నిటికన్నా కింది మెట్టువాడికి ముప్ఫై రచనలు రావాలి. ఆ పైవాడికి నలభై. తర్వాత యాభై, అరవై, ఎనభై. ఆరో మెట్టు పేరు 'ఆన్రుథ్', వాడికి 175. ఇంక ఒలవ్‌కి? 350. సరిగ్గా రెట్టింపు. చూశారా, ఆఖరి రెండు మెట్ల మధ్య ఎంత ఎత్తుందో! కింద పది, ఇరవై చొప్పున పెరిగింది పైకి వెళ్ళేసరికి ఒక్కసారిగా కొండ అయిపోయింది. పన్నెండేళ్ళ చదువు అని సంప్రదాయం. వ్యాకరణం, ఛందస్సు, వంశావళులు, ఊళ్ళ పేర్ల వెనక కథలు, ధర్మం, ఇవన్నీ నోటికి రావాలి.

మరి ఒలవ్ అయ్యాడని ఎవరు చెప్పాలి? తన రచనలన్నీ అప్పటికే ఒలవ్ అయినవాడికి చూపించుకోవాలి. ఆయన పరీక్షించి సరే అన్నాక రాజు ఆ హోదాతో స్వీకరిస్తాడు. రాజు ఇష్టపడి ఇచ్చేది కాదు, సభ చప్పట్లు కొట్టి ఇచ్చేది కాదు. పరీక్షించేవాడు అదే విద్యలో ఉన్నవాడు. ఇక్కడ నన్ను బాగా కదిలించిన సంగతి ఇంకోటి ఉంది. 350 రచనలు వస్తే సరిపోదట. చదువులో శుద్ధి కావాలి, నోటి శుద్ధి కావాలి, చేతి శుద్ధి కావాలి, కాపురంలో శుద్ధి కావాలి. ఇది నీతిబోధ కాదు, చట్టం. అర్హతల జాబితాలో రాసిపెట్టారు.

నాకు మనసొప్పని సంగతి కూడా చెప్పాలి. పూర్తి మర్యాద దక్కాలంటే తండ్రి, తాత కూడా కవులై ఉండాలి. మూడు తరాలు. విద్యని అలా కుటుంబాలకి కట్టేశారు. ఆ గోడ మధ్యలోంచి ఒక ఆడమనిషి పేరు మనదాకా వచ్చింది. ఉవాలఖ్ అని, 934లో ఆవిడ చనిపోయినప్పుడు ఇనిష్‌ఫాలన్ వార్షిక చరిత్రలో ఆవిడని ఐర్లండ్ కవయిత్రి అని రాశారు. ఒక్క పంక్తి. ఆవిడ పద్యం ఒక్కటైనా మనకి దక్కలేదు.

ఇప్పుడు ముఖం సంగతికి వద్దాం. జాగ్రత్తగా వినండి, మొత్తం ఇక్కడే ఉంది.

పాత ఐరిష్ ధర్మశాస్త్రంలో ప్రతి స్వతంత్ర మనిషికీ వెల ఉంటుంది. అవమానిస్తే, గాయపరిస్తే, ఆతిథ్యం నిరాకరిస్తే, వాడికి ఎంత కట్టాలి అన్న లెక్క. ఆ వెలని వాళ్ళు ఏమన్నారో తెలుసా? 'లోగ్ నెనెఖ్' అన్నారు. ముఖానికి వెల అని అర్థం! మనం 'మొహం చెల్లలేదు' అంటాం. 'ఏ మొహం పెట్టుకుని వచ్చాడు' అంటాం. వాళ్ళకీ పరువు ముఖంలోనే ఉంది. చిన్న రాజ్యానికి రాజు ముఖానికి వెల ఏడు కుమల్. బిషప్పుకి ఏడు. ఒలవ్‌కి కూడా ఏడే. ఒక కుమల్‌ని సాధారణంగా మూడు పాడి ఆవులకి సమానంగా లెక్కేసేవారు. అయితే కుమల్ అన్న మాటకి అసలు అర్థం బానిస స్త్రీ. కవి ముఖానికి కట్టిన వెల ఆడవాళ్ళని అమ్ముకున్న లెక్కలోంచి వచ్చింది. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు మనసు బాగోలేదు. గొప్ప అని చెబుతున్నప్పుడు దీన్ని దాచకూడదు.

రాజుకి సమానం అంటే మాటవరసకి కాదు. ఒలవ్ వెంట ఇరవై నలుగురు పరివారం, వాళ్ళందరికీ ఆతిథ్యం. అంతకుముందు ముప్ఫైమంది ఉండేవారనీ, కవుల మందని మేపలేక రాజులు విసిగిపోయి వాళ్ళని దేశం నుంచే వెళ్ళగొడదామనుకుంటే, ఆరో శతాబ్దం చివర్లో ద్రుమ్ కెత్ సభలో క్రైస్తవ సన్యాసి కొలంబా స్వామి అడ్డుపడి, ఆ సంఖ్య తగ్గించి రాజీ చేశాడనీ చెబుతారు. ఒలవ్ మీదో, రాజు మీదో బాకీ ఉంటే రాబట్టుకోవడం ఎలా? వెళ్ళి గొడ్డూ గోదా తోలుకురావడానికి లేదు. ముందు ఆయన గుమ్మం ముందు అన్నం మానేసి కూర్చోవాలి. మన పాత ధర్నాయే అది! జెండాలు పట్టుకునే ఇప్పటి ధర్నా కాదండీ, అప్పిచ్చినవాడు బాకీదారు వాకిట్లో పస్తు కూర్చునే పాత ధర్నా. ఈ రెంటికీ పోలిక ఉందని పండితులు ఎప్పుడో గుర్తించారు.

కవికి ఇంత మర్యాద ఎందుకిచ్చారు? భయమా? భయం కూడా ఉంది. బ్రెస్ అనే రాజు కథ ఉంది. కార్‌బ్రె అనే కవి అతిథిగా వస్తే ఇరుకు కొట్టంలో పెట్టాడు. నిప్పు లేదు, మంచం లేదు, చీకటి. చిన్న పళ్ళెంలో మూడు ఎండిన రొట్టెలు. తెల్లారి లేచి కవి ఏం చేశాడు? 'పళ్ళెంలో వేళకి అన్నం లేకుండా, దూడ పెరిగే పాలు లేకుండా, రాత్రి తలదాచుకునే చోటు లేకుండా, అదే బ్రెస్ బతుకవుగాక' అన్నాడు. ఐర్లండ్‌లో మొట్టమొదటి తిట్టు పద్యం అదేనంటారు. గమనించారా? కొత్త శాపం ఏదీ పెట్టలేదు. తనకి ఏం పెట్టారో అదే తిరిగి పెట్టాడు. మనకి వేములవాడ భీమకవి కథలు తెలుసు కాబట్టి ఈ లోకం మనకి కొత్తగా అనిపించదు.

అయితే రెండో కథ వినండి, అసలు కీలకం అందులో ఉంది. కాయెర్ అనే రాజు, నేదె అనే కవి. నేదె ఆ రాజుకి తోడబుట్టినవాడి కొడుకు, రాజు పెంచుకున్నాడు కూడా. రాజ్యం మీద ఆశ పుట్టి, రాజు ఇవ్వలేనిది ఏదో కనిపెట్టి అడిగాడు: ఒక కత్తి. దాన్ని ఎవరికీ ఇవ్వకూడదని రాజుకి నియమం ఉంది. ఇవ్వలేదు. ఆ సాకుతో తిట్టు పద్యం చెప్పాడు. మర్నాడు పొద్దున్నే రాజు ఊట దగ్గర మొహం కడుక్కుంటే చేతికి తగిలాయి, మొహం మీద మూడు పొక్కులు. వంకర ముఖం రాజ్యానికి పనికిరాదు. రాజు ఎవరికీ కనపడకుండా పారిపోయాడు. నేదె రాజయ్యాడు. కొన్నాళ్ళకి పశ్చాత్తాపం పట్టుకుని కాయెర్‌ని వెతుక్కుంటూ వెళితే, తనని చూడగానే కాయెర్ సిగ్గుతో ప్రాణం వదిలాడు. అప్పుడు అక్కడి బండ పగిలి, ముక్క ఎగిరొచ్చి నేదెకి తగిలి వాడూ చచ్చాడు.

అన్యాయంగా తిట్టిన కవి బతకడు. ఇది కథ. చట్టం ఏమంటోంది? దేశంలో నలుగురు పెద్దలు హోదా పోగొట్టుకుంటారట. అబద్ధపు తీర్పు చెప్పిన రాజు, తప్పటడుగు వేసిన బిషప్పు, మోసం చేసిన కవి, మర్యాద తప్పిన దొర. ఈ నలుగురి వరసలో కవి పేరు ఉంది చూడండి! రాజు ముఖానికి పొక్కులు తేగల మనిషి కాబట్టే తన ముఖాన్ని తాకట్టు పెట్టి మాట్లాడాలి. రాజు ఎలా పాలించాడన్నదానికి ఆయన మాటే సాక్ష్యం, సాక్షి అబద్ధమాడితే సాక్ష్యం చెల్లదు. ఏడు కుమల్ ఇచ్చింది పద్యం బాగుందని కాదు, ఆ నోట వచ్చిన మాట చెల్లుతుందని.

మీలో ఎవరికైనా అనుమానం రావచ్చు, ఇవన్నీ మనకెలా తెలుస్తున్నాయి అని. ఇక్కడ మనవైపు సంగతి కూడా కొంచెం ఉంది. విట్లీ స్టోక్స్ అని, 1830లో డబ్లిన్‌లో పుట్టాడు. లాయరు. 1862లో మద్రాసు వచ్చాడు, తర్వాత కలకత్తా. ఇరవై ఏళ్ళు ఈ దేశంలో ఉన్నాడు. 1877 నుంచి 1882 వరకు వైస్రాయ్ కౌన్సిల్లో న్యాయ సభ్యుడు. అప్పటి సివిల్, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ల ముసాయిదాల్లో చాలా భాగం ఆయన చేతి మీదుగా వచ్చిందే. ఇక్కడ వకీళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్ళకి ఆ పేరు తెలిసే ఉంటుంది. పగలు మన చట్టాలు రాసిన ఆ మనిషికి ప్రాణమంతా పాత ఐరిష్ గ్రంథాల మీద. 'సనస్ కొర్మక్' అని, వెయ్యేళ్ళ నాటి నిఘంటువు, ఒక్కో మాటకి అర్థంతో పాటు కథ చెప్పే పుస్తకం. దాని అనువాదాన్ని పరిష్కరించి 1868లో అచ్చు వేయించాడు. ఎక్కడ? కలకత్తాలో! ఐర్లండ్ కవుల వేషం ఎలా ఉండేదో చెప్పే పుస్తకం మన హుగ్లీ ఒడ్డున అచ్చయింది.

వేషం అన్నాను కదా. ఒలవ్‌కి అంగీ ఉండేది, 'తుగెన్' అని. పక్షుల చర్మాలతో, ఈకలతో కుట్టింది. నడుము నుంచి కిందికి తెల్ల పిట్టలవీ రంగురంగుల పిట్టలవీ చర్మాలు. నడుము నుంచి మెడ దాకా మగ బాతుల మెడలు, జుట్లు. మగ బాతు మెడ ఎప్పుడైనా ఎండలో చూశారా? నల్లగా ఉంటుంది, కొంచెం కదిలితే ఆకుపచ్చ, ఇంకొంచెం కదిలితే నీలం. అలాంటి మెడలు పక్కపక్కన కుట్టిన అంగీ వేసుకుని, దీపాల హాల్లో ఒక మనిషి నడిచొస్తుంటే ఎలా ఉంటుందో ఊహించండి. నడిచినప్పుడల్లా రంగు మారుతుంది. ఆ అంగీ కోసమే ఇద్దరు పండితులు వాదానికి దిగిన పాత గ్రంథం ఉంది. దాన్ని కూడా 1905లో స్టోక్స్ గారే ప్రచురించారు. అందులో ఇందాక చెప్పిన నేదె చిన్న కుర్రాడు, ఇంకా గడ్డం రాలేదు. గడ్డం లేనివాడికి ఒలవ్ పీఠం ఇవ్వరని గడ్డి పీకి గడ్డంలా పెట్టుకుని కూర్చున్నాడు. ముసలి ఫెర్‌ఖెర్త్‌నె వచ్చి 'ఎవరీ కవి?' అన్నాడు. ప్రశ్నల మీద ప్రశ్నలు. చివరికి కుర్రాడు లేచి పెద్దాయన ముందు మోకరిల్లాడు.

సరే, చదువు ఎలా సాగేదో చూద్దాం. పదమూడో శతాబ్దం నుంచి పదిహేడో శతాబ్దం దాకా నడిచిన కవుల బడుల గురించి 1722లో అచ్చయిన వర్ణన ఉంది. ఊరికి దూరంగా, చుట్టాలు వచ్చి పలకరించలేని చోట, సందడి లేని చోట బడి. పొట్టి ఇల్లు. కిటికీలు లేవు. వరసగా మంచాలు. రాత్రి గురువు విషయం ఇస్తాడు, ఫలానా ఛందస్సు అంటాడు. మర్నాడు రోజంతా ఎవరి మంచం మీద వాళ్ళు పడుకుని, చీకట్లో, ఆ పద్యం కట్టాలి. కాగితం లేదు, కలం లేదు. సాయంత్రం వేళ కాగానే కొవ్వొత్తులు తెస్తారు. అప్పుడు లేచి రాస్తారు. రాసింది గురువుల ముందు చదువుతారు. తప్పులుంటే దిద్దుతారు, మళ్ళీ కొత్త విషయం. ఇలా సెప్టెంబరు చివర్లో మొదలై మార్చి 25 దాకా, ఆరేడేళ్ళు.

చీకటి ఎందుకు? ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నాలుగు పాదాలు కట్టి చూడండి. రెండో పాదంలో మాట మారిస్తే మొదటి పాదం చెదురుతుంది. అన్నీ ఒకేసారి మనసులో పట్టుకోవాలి. కంటికి ఏదీ కనపడకపోతేనే చెవి పనిచేస్తుంది. స్కాట్లండ్ దీవుల్లో అయితే కవులు వెల్లకిలా పడుకుని, కడుపు మీద రాయి పెట్టుకుని, తల చుట్టూ దుప్పటి కప్పుకుని పద్యం కట్టేవారని 1703లో అచ్చయిన పుస్తకంలో ఉంది. అవధానం చూసినవాళ్ళకి దీన్ని నేను విడమరచి చెప్పక్కర్లేదు.

శనివారాలు, పండగ ముందు రోజులు బడికి సెలవు. పిల్లలు చుట్టుపక్కల దొరల ఇళ్ళకి, మోతుబరి రైతుల ఇళ్ళకి వెళ్ళేవారు. వాళ్ళు కడుపునిండా పెట్టి, బడికి కావలసిన సరుకులు కూడా ఇచ్చి పంపేవారు. మన వారాలబ్బాయిలు గుర్తొస్తున్నారా? మా నాన్నగారు వారాలు చేసుకుని చదువుకున్నారు. ఏ వారం ఎవరింట్లో పచ్చడి బాగుండేదో డెబ్భై ఏళ్ళ వయసులో కూడా చెప్పేవారు.

వాళ్ళ ఛందస్సు గురించి చెప్పకపోతే తెలుగువాళ్ళ సభకి వచ్చి మోసం చేసినట్టే. కట్టుదిట్టమైన పద్యాన్ని 'దాన్ దీరఖ్' అంటారు. నాలుగు పాదాలు, చాలా ఛందస్సుల్లో పాదానికి ఏడు అక్షరాలు. అంత్యప్రాసలో అదే హల్లు రావాలని లేదు, మిత్ర హల్లు వస్తే చాలు. ఆగండి, ఈ మాట ఎక్కడ విన్నాం? యతి మైత్రి! మనకి క, ఖ, గ, ఘ మిత్రులు. వాళ్ళకి ప, త, క మిత్రులు, బ, ద, గ మిత్రులు. 'కత్' అంటే పిల్లి, 'మక్' అంటే కొడుకు. మన చెవికి కలవవు. వాళ్ళ శాస్త్రంలో చక్కగా ప్రాస. మనం నోట్లో పుట్టే చోటుని బట్టి కలుపుకున్నాం, వాళ్ళు పలికే తీరుని బట్టి కలుపుకున్నారు. ఒకరినొకరు ఎన్నడూ చూడని రెండు జాతులు ధ్వనుల్ని ఇలా బంధువర్గాలుగా పంచుకున్నాయి. నేను ఇది తెలుసుకున్న రాత్రి నిద్రపోలేదు, నిజం చెబుతున్నాను.

ఇంకో నియమం, పద్యం ఏ మాటతో మొదలైందో ఆ మాటతోనే ముగియాలి. మూత పెట్టడం అంటారు దాన్ని. మూత పెట్టకపోతే పద్యం పూర్తికానట్టే.

ఇదంతా విని ఒలవ్ అంటే ముక్కు మీద కోపం ఉన్న మహానుభావుడు అనుకుంటారేమో. కోపం మాట నిజమే. ముయిరెదఖ్ ఓ దాలి అనే కవి 1213లో స్లైగో జిల్లా లిసాడెల్‌లో ఉండేవాడు. ఓ డానెల్ రాజు మనిషి శిస్తు వసూలుకి వచ్చి నోటికొచ్చినట్టు మాట్లాడాడు. కవి గొడ్డలి తీసుకుని నరికేశాడు. రాజు తరిమాడు, కవి ఒక దొర దగ్గర్నుంచి ఇంకో దొర దగ్గరికి పారిపోయి, చివరికి సముద్రం దాటి స్కాట్లండ్ చేరాడు. మధ్యలో పద్యం రాశాడు: 'మన మధ్య తగాదా ఎంత చిన్నది! ఒక మోటువాడు నన్ను తిట్టాడు, నేను వాణ్ణి చంపాను, దేవుడా, దీనికే ఇంత పగా?' అని. మనిషి ప్రాణం పోయింది, ఆయనకి అది చిన్న తగాదా. ఇది నేను సమర్థించలేను.

కానీ అదే మనిషి భార్య పోయినప్పుడు రాసిన పద్యం చదివితే చెయ్యి వణుకుతుంది. 'నిన్న రాత్రి నా ప్రాణం నన్ను విడిచి వెళ్ళింది' అని మొదలు. ఇరవై ఏళ్ళ కాపురం, పదకొండుమంది పిల్లలు. ఆవిడ పేరు మ్వేల్ వె. సగం శరీరం పోయింది, సగం చూపు పోయింది అంటాడు. రాజుల కోసం నేర్చిన ఆ కఠినమైన ఛందస్సులోనే, ఒక్క నియమం సడలించకుండా ఏడ్చాడు. ఈ ముయిరెదఖ్‌ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాడు.

ఒలవ్ అంటే కవి ఒక్కడే కాదు, ఇది త్వరగా చెప్పేస్తాను. న్యాయానికి ఒలవ్ ఉన్నాడు, చరిత్రకి ఉన్నాడు, వైద్యానికి ఉన్నాడు. న్యాయం మక్ ఈగన్ల ఇంట, చరిత్ర ఓ క్లేరీల ఇంట, కవిత్వం ఓ దాలీ, ఓ హిగిన్, మక్ అన్ వార్డ్ ఇళ్ళల్లో. స్కాట్లండ్‌లో మల్ దీవి వైద్యుణ్ణి 'మల్ ఒలవ్' అనే పిలిచేవారు. రాజు పట్టాభిషేకంలో చేతికి తెల్ల కర్ర అందించే హక్కు కొన్ని రాజ్యాల్లో ఇలాంటి పండిత కుటుంబానిదే, ఓ కానర్ రాజులకి ఓ మల్‌కొనరె వంశం అందించేది.

వైభవం ఎలా ఉండేదంటే, 1351 క్రిస్మస్‌కి విలియం ఓ కెలీ అనే దొర ఐర్లండ్ కవులందరినీ విందుకి పిలిచాడు. అందరినీ! కోట చుట్టూ తడికెలతో ఇళ్ళు కట్టించి వీధులు వేయించాడు. కవులకి ఒక వీధి, వాద్యగాళ్ళకి ఒక వీధి. గోఫ్రీ ఫిన్ ఓ దాలి అనే మహాకవి ఆ సంబరాన్ని పద్యం చేస్తూ, ఆ ఇళ్ళ వరసలు పుస్తకంలో అక్షరాల్లా ఉన్నాయనీ, రాతి కోట మొదటి పెద్దక్షరంలా ఉందనీ అన్నాడు. ఊరంతా పుస్తకంలో పుటలా కనిపించిందాయనకి.

తర్వాత? 1601లో కిన్‌సేల్ యుద్ధంలో గేలిక్ రాజులు ఓడిపోయారు. 1607లో ఉత్తరాది దొరలు ఓడెక్కి దేశం వదిలిపోయారు. పోషించేవాడు లేకపోతే ముఖానికి వెల ఎవరు కడతారు? మగ్వైర్ దొర ఆస్థానంలో ఒలవ్ యోఖీ ఓ హోసా. తన దొర హ్యూ చలికాలంలో దక్షిణాదికి దండయాత్ర వెళితే ఇంట్లో కూర్చోలేక రాశాడు, 'ఈ రాత్రి హ్యూకి చలిగా ఉంటుందని నా బాధ' అని. వాన, మెరుపులు, తడిసిన బట్టలు, ఆ మొహం మీద మంచు. చివరికి, ఆయన తగలబెట్టిన తెల్ల గోడల మేడల మంటలే ఆయనకి నెగడు అని తనని తాను ఓదార్చుకుంటాడు. తిట్టగలవాడని భయపడి పోషించిన సంబంధం కాదండీ ఇది. వానలో తడుస్తున్న కొడుకు కోసం తల్లి పడే బాధ. ఆ హ్యూ 1600లోనే కార్క్ దగ్గర యుద్ధంలో చనిపోయాడు. తర్వాత అదే కవి, ఇంక కఠిన ఛందస్సు వద్దు, జనం మెచ్చే తేలిక పద్యాలే రాస్తానని చెప్పుకున్న పద్యం ఉంది. పైకి నవ్వుతూ రాసినట్టుంటుంది, నాకు మాత్రం నవ్వు రాదు.

మహూన్ ఓ హిఫర్నాన్ అని ఇంకో కవి. 'ప్రశ్న! పద్యం ఎవరు కొంటారు?' అని మొదలుపెట్టాడు. మంచి పద్యం చేతపట్టుకుని మన్‌స్టర్ ప్రాంతమంతా సంతసంతకీ తిరిగాను, నిరుడూ అమ్ముడుపోలేదు, ఈ ఏడూ అమ్ముడుపోలేదు, ఒక్క కాసు ఇచ్చినవాడు లేడు అంటాడు. దువ్వెనలు చేసుకుని అమ్ముకోవడం ఇంతకన్నా గౌరవం అంటాడు. ఇంకో పద్యంలో కొడుక్కి చెబుతాడు, నాయనా, నీ పెద్దల విద్య నువ్వు నేర్చుకోకు అని. మూడు తరాల నియమం చెప్పాను కదా? ఆ గొలుసుని తండ్రే తెంపుతున్నాడు.

అలాంటప్పుడు కూడా చేసినవాళ్ళు చేశారు. మీహాల్ ఓ క్లేరి, చరిత్ర ఒలవ్‌ల ఇంటి బిడ్డ, సన్యాసుల మఠంలో చేరాడు. దేశమంతా తిరిగి, పాత ప్రతులు దొరికినచోటల్లా నకలు రాసుకుని, తోటి పండితులతో కూర్చుని 1632 నుంచి 1636 దాకా మొత్తం ఐర్లండ్ చరిత్రని ఏడాది ఏడాదికీ రాశాడు. ఇందాక మీకు చెప్పిన సంగతులు కొన్ని అలాంటి ప్రతుల్లోంచి దక్కినవే.

ఇంక ముయిరెదఖ్ సంగతి. గొడ్డలి పట్టుకున్నవాడు, భార్య కోసం ఏడ్చినవాడు. స్కాట్లండ్‌లో ఆయన వంశం నిలిచింది. మక్ వూరిఖ్ అంటారు, ముయిరెదఖ్ కొడుకులు అని. క్లాన్‌రానల్డ్ దొరలకి తరతరాలుగా కవులు. సౌత్ యూయిస్ట్ దీవిలో వాళ్ళకి మాన్యం ఉండేది, దొరల వంశచరిత్ర రాస్తున్నంతకాలం అనుభవించవచ్చు అన్న షరతు మీద. 1800 ఆగస్టు 9న ఆ వంశంలో లాఖ్లన్ అనే మనిషి పెద్దల ముందు వాంగ్మూలం ఇచ్చాడు. పాత ప్రతుల ఆచూకీ కోసం వాళ్ళు అడుగుతున్నారు. ఆయనకి యాభై తొమ్మిదో ఏడు. చదవడం రాదు, రాయడం రాదు. తండ్రి దాకా విద్య ఉంది, మాన్యం పోయాక ఆయన్ని చదివించినవాళ్ళు లేరు. ఇంట్లో తోలు పుస్తకాలు ఉండేవని గుర్తుందన్నాడు. ఏమయ్యాయి అని అడిగారు. కొన్ని ఎవరెవరో పట్టుకెళ్ళారు. ఇంకొన్నిటిని దర్జీలు కొలత పట్టీల కోసం నిలువునా కత్తిరించుకుపోతుంటే తన కళ్ళతో చూశానన్నాడు.

ఆ తోలు పట్టీలు మన దర్జీల మెళ్ళో టేపులాంటివే. ఒక్కో పట్టీ మీద పద్యంలో ఎన్ని అక్షరాలు మిగిలి ఉంటాయి? ఎవరి భుజాలు కొలిచి ఉంటారు వాటితో?

వాంగ్మూలం కింద సంతకం లేదు, గుర్తు గీశాడు. కానీ మొదట్లో తానెవరో చెప్పమన్నప్పుడు ఆయన తడుముకోలేదు. మనవాళ్ళు ప్రవర చెప్పినట్టు చెప్పాడు. నేను లాఖ్లన్, నీల్ కొడుకుని. ఆ నీల్, లాఖ్లన్ కొడుకు. ఆ లాఖ్లన్, నీల్ కొడుకు. ఆ నీల్, డొనాల్డ్ కొడుకు. అలా పైకి పైకి వెళ్ళి, ముయిరెదఖ్‌కి నేను పద్దెనిమిదో తరం అన్నాడు.